పోటు నీళ్ళు

కొట్టకన్నయ్యా, ఆ గ్లాసుతో మంచం పట్టెని అలా కొట్టకు! వినపడింది. పొద్దుట్నుంచీ వినపడుతూనే ఉంది. మాట పడిపోయింది నీకు, నాకేం చెవుడు రాలేదు. తోటలోకి తీసుకెళ్ళమంటున్నావు, అంతేనా?

తీసుకెళ్తాను. ముందు కాస్త టీ తాగనీ. నువ్వూ తాగు. నష్మియ నీకోసమే ఎండు నిమ్మకాయ వేసి కాచింది. ఇదిగో, ఎడమ చేత్తో పట్టుకో. ఒలికితే ఒలకనీ. నా పెళ్ళాం నిన్నేమీ అనదులే, నన్ననడానికే దానికి రోజు చాలటం లేదు.

ఆ ఖర్జూరాలు ఎందుకు ఉమ్మేశావు పొద్దున? ఎంత బాగున్నాయి! పసుప్పచ్చగా, కొరికితే కరకరలాడుతూ. బర్హీ కాయ ఎవరి చెట్టుదైనా బర్హీయే కదా? ఒక్క కొరుకు కొరికి గోడ మీద ఉమ్మావు. మన చెట్టువి కావని తెలిసిపోయింది నీకు. మాట పోయింది గానీ రుచి పోలేదు.

సరే, కావు. అబుల్ ఖసీబ్ బజార్లో కొన్నాను. ఏటా మనింట్లో చేసినట్టే మొదటి గెల ఇంటి పెద్దకి పెట్టాలని. పెట్టడానికి గెలంటూ ఉండాలిగా మరి!

ఆగు, ఆగు. మళ్ళీ కొట్టకు. చెప్తున్నానుగా. మొదట్నుంచీ చెప్పనీ.

ఆ పంపు ఇంటికొచ్చిన వేళ మంచిది కాదన్నయ్యా. నువ్వే కొన్నావు. చప్టా నువ్వే పోశావు. నాలుగు బోల్టులు నిలబెట్టి, పళ్ళెంలో నీళ్ళు పోసి మట్టం చూసుకున్నావు. సిమెంటు ఇంకా ఆరలేదు, దాని పక్కనే పడిపోయావు. తాపీ నీ గుప్పిట్లోంచి తీయడానికి ఇద్దరం కావలసొచ్చింది. ఆసుపత్రినుంచి తీసుకొచ్చాక నువ్వు మంచంలో, పంపు అట్టపెట్టెలో. బయట ఎండ నలభై ఎనిమిది. తోటకి తడెవరు పెట్టాలి?

నేనే పెట్టాలి. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో ముద్రలు కొట్టినవాణ్ణి.

హన్నూన్‌ని పిలిచాను, ఆ మోటార్లు బిగించేవాణ్ణి. వాడొచ్చి నువ్వు కొన్న సక్షన్ పైపులు చూసి నడుమ్మీద చేతులేసుకున్నాడు. "మిజ్బానన్నా, పద్దెనిమిది మీటర్లా? మీ జాసిబన్నకి ఆ పైపుల కొట్టువాడేమన్నా వియ్యంకుడా? పోటుకి నీళ్ళు గట్టు దాకా ఎక్కి వస్తుంటే, పంపు అంత దూరం నుంచి పీల్చాలా? సక్షన్ ఎంత పొట్టిగా ఉంటే మోటారుకి అంత సుఖం."

తప్పేం చెప్పాడు? పంపులు తెలిసిన ఏ మనిషినడిగినా అదే అంటాడు. కొయ్యమన్నాను. ఆక్సా బ్లేడు నేనే పట్టుకున్నాను. ఆరు మీటర్లు ఉంచి, చివర నీళ్ళలో మునిగే ఫుట్‌వాల్వు బిగించాం. మిగిలిన పైపు మీద నష్మియ బట్టలారేస్తోంది.

పోటు... మన ఊళ్ళో పుట్టినవాడికి పోటు గురించి ఒకరు చెప్పాలా? తాతయ్యని చూశాను, నాన్నని చూశాను, నిన్ను చూశాను. కింద సముద్రం తోస్తుంది. నదిలో పైనుంచి దిగే మంచినీళ్ళు వెనక్కెక్కి మన పాయలన్నిట్లోకీ వస్తాయి. తూము మూత తీస్తే చాలు, చెట్ల మొదళ్ళ దాకా అవే నడిచొస్తాయి. రోజుకి రెండుసార్లు. పోటుకి తడి పెట్టాలి, ఆటుకి గట్లు బాగుచేసుకోవాలి. బడికెళ్ళకముందే వచ్చిన చదువది.

అందుకే పోటు నిండాక వేశాను. బకెట్టుతో పంపులో నీళ్ళు పోసి, గాలి బుడగలు పోయేదాకా చూసి, బిరడా బిగించి, స్విచ్చి నొక్కాను. ముందు దగ్గింది. తర్వాత డెలివరీ పైపులోంచి నా తొడంత ధార! అరవై రెండేళ్ళన్నయ్యా. మన తోటకి నా చేత్తో తడి పెట్టడం అదే మొదటిసారి. నువ్వేనాడన్నా తూము ముట్టుకోనిచ్చావా? "నీళ్ళ సంగతి నీకెందుకురా, నీ కాగితాలు నువ్వు చూసుకో" అనేవాడివి. ఆ రోజు కాలవలో కాళ్ళు పెట్టుకుని నిలబడి ఏడ్చాను. ఎవరూ చూడలేదులే.

నువ్వప్పుడు ద్రాక్ష పందిరి కిందే ఉన్నావు, ఇదే మంచం మీద. పంపు మొదలవగానే ఆ... ఆ... అని అరిచావు. ఎడమ చేత్తో పట్టె బాదావు. మర్నాడూ అంతే. నష్మియ అంది, "ఏవండీ, తలలో నరం చిట్లిన మనిషి, ఆ చప్పుడు పడటం లేదేమో." లోపలి గదిలోకి మార్చాం. ఆ వైపు కిటికీ కూడా మూసేశాం. ఎంత ప్రేమో చూడు మాకు!

పంపుని మాత్రం బాగా చూసుకున్నాను. ఒట్టు. శుక్రవారం శుక్రవారం ఫుట్‌వాల్వు పైకి లాగి, జల్లెడకి చుట్టుకున్న నాచూ ప్లాస్టిక్కూ తీసేవాణ్ణి. ఇరుసు చుట్టూ ఉండే గ్లాండు దగ్గర కారితే నట్టు అర చుట్టు బిగించడం, అంతకంటే బిగిస్తే ఇరుసు పట్టేస్తుందని గుర్తుపెట్టుకోవడం. ఎండ తగలకుండా పైన ఈతచాప. కొన్న రోజు ఎలా ఉందో ఇప్పటికీ రంగు అలాగే ఉంది.

రెండో వారానికి నట్ల చుట్టూ తెల్లగా పొక్కు కట్టింది. హన్నూన్ గోటితో గీకి చూశాడు. "అన్నా, మీ నీళ్ళు పంపుని తింటున్నాయి" అన్నాడు.

"నీ పని పంపు, నీళ్ళు కాదు. గ్లాండు మార్చి పో" అన్నాను. ఎవరి గొంతది? అచ్చం నీ గొంతే.

ద్రాక్షాకులు అంచుల దగ్గర కాలాయి. ఎండకి దాహమనుకున్నాను. ఇంకాస్త నీళ్ళు పెట్టాను. నిమ్మ ఆకు రాల్చింది, ఇంకాస్త పెట్టాను. బర్హీ కాయలు పచ్చివే రాలుతున్నాయి, తెగిన తస్బీ పూసల్లా చెట్టు చుట్టూ. పొద్దున్నే అవి ఊడ్చేసి, చేతులు కడుక్కుని నీ దగ్గరికొచ్చేవాణ్ణి. నువ్వు కళ్ళతో అడిగేవాడివి. బాగుందన్నయ్యా, చాలా బాగుందనేవాణ్ణి.

నువ్వు తూము తీసేముందు ఎప్పుడూ దోసిలితో నోట్లో పోసుకుని చూసేవాడివి, గుర్తుందా? ముసలాళ్ళ చాదస్తం అనుకునేవాణ్ణి. ఇప్పుడు పాయలో నీళ్ళు నోట్లో పెట్టుకునేదెవరు? తాగేవి ట్యాంకరు నీళ్ళు, టీకి ట్యాంకరు నీళ్ళు, చివరికి నమాజు ముందు వజూ కూడా ట్యాంకరు నీళ్ళతోనేనాయె.

ద్రాక్ష పూర్తిగా పోయిన రోజు నేనూ పోసుకున్నాను నోట్లో.

సముద్రం, అన్నయ్యా. ఉత్త సముద్రం.

అక్కడే గట్టు మీద కూలబడ్డాను. కదల్లేదు. నష్మియ అన్నానికి పిలిచి పిలిచి ఊరుకుంది. నా కళ్ళముందే ఆటుకి పాయ దిగిపోయింది. నడి మధ్యలో సన్నటి ధార ఒక్కటే మిగిలింది. మోకాళ్ళ దాకా బురదలో దిగబడుతూ వెళ్ళి అదీ రుచి చూశాను. చప్పగా, కాస్త జిగటగా ఉంది. కానీ నీళ్ళే. పైనుంచి దిగొచ్చిన నదే అది.

గట్టునుంచి ఆ మధ్యకి ఎన్ని అడుగులో లెక్కపెట్టాను. నీ పద్దెనిమిది మీటర్లు సరిగ్గా అక్కడికొస్తాయి.

నీకు తెలుసు. నదిలో బలం చచ్చిందనీ, పోటుకి ఇప్పుడెక్కేది మంచినీళ్ళు కాదనీ, ఆటుకే తోడుకోవాలనీ, అందుకే పంపు కావాలనీ. ఎన్నాళ్ళనుంచి తెలుసు? రెండేళ్ళా? ఎందుకు చెప్పలేదు? అన్నం తింటూ ఒక్కసారి, ఒరే తమ్ముడూ, పోటు చెడిపోయిందిరా అంటే నీ సొమ్మేం పోయేది? ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం కదా!

ఎందుకు అరిచావో కూడా అప్పుడే తెలిసింది. చప్పుడుకి కాదు.

నన్నలా చూడకు. ఇంకా అవలేదు.

నష్మియ కూడా అడిగింది, "తెలిసిందిగా, ఇకనుంచి ఆటుకే వేస్తారా?" అని. ఆటు వేళకి కరెంటుండటం లేదన్నాను. నమ్మింది. అది అబద్ధం. పోటు రోజూ ముప్పావు గంట జరుగుతుంది, కరెంటు దాని ఇష్టమొచ్చినట్టు వస్తుంది, రెండూ కలిసిన రోజులు బోలెడున్నాయి. పైపు ఎక్కడుంది? దండెం మీద. తడి బట్టలు తీసేస్తే చాలు. సాకెట్టు వేసి అతకడానికి హన్నూన్‌కి గంట పని.

కానీ హన్నూన్ నవ్వుతాడు. జాసిబన్నే కరెక్టన్నమాట అంటాడు. ఊరంతా అంటుంది. ఆ తర్వాత ఈ గదిలోకి రావాలి, నీ ఎదురుగా నిలబడాలి, నీళ్ళ సంగతి నాకు తెలీదన్నయ్యా అనాలి. ముప్ఫై ఏళ్ళు నువ్వన్న ఆ మాట నా నోటితో నేననాలి.

అనలేకపోయాను.

పోటుకే వేశాను. తెలిసి వేశాను. పంతొమ్మిది రోజులు. బకెట్టెత్తి పంపులో పోసిన ప్రతిసారీ తెలుసు. రేపు మానేద్దాం, ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే, పైన ఆనకట్టలనుంచి నీళ్ళు వదుల్తారంటున్నారుగా... నన్ను కాదు, తోటని మోసం చేస్తున్నట్టుండేది. మంచం బయటికి మార్చమని నష్మియ రెండుసార్లంది. చప్పుడు పడదే అన్నయ్యకి అన్నాను. నీ అరుపు నాకు పడదని ఎలా చెప్పను?

తల్లిచెట్టునుంచి నువ్వు విడదీసి పాతిన బర్హీ పిలకలు పన్నెండు. మొదళ్ళకి గోనె చుట్టి, పసిపిల్లల్లా చూసుకునేవాడివి. ద్రాక్ష చచ్చిన రోజుకి, నిమ్మ చచ్చిన రోజుకి, అవి బతికే ఉన్నాయన్నయ్యా. పన్నెండుకి పన్నెండూ. మొవ్వు పచ్చగా ఉంది. ఆ రోజే పైపు అతికించి ఉంటే...

మొన్న ఒక్కొక్క దాని మొవ్వూ పట్టుకుని లాగాను. జడపిన్నుల్లా చేతిలోకి వచ్చేశాయి.

ఏమన్నా అను. ఆ... అని అరిచినా సరే. గ్లాసు ఎందుకు కింద పెట్టేశావు? కొట్టు దాంతో! పట్టెని కాదు, నన్ను కొట్టు. ఎడమ చెయ్యి బాగానే ఉందిగా?

ఎందుకలా చెయ్యి చాస్తున్నావు? ఏం కావాలి?

ఇంకా తోటకే వెళ్దామంటావా? ఇదంతా విన్నాక కూడానా? నష్మియ చూపించొద్దంది, చూస్తే మళ్ళీ నరం చిట్లుతుందని. నాకూ చూపించాలని లేదు. సరే. నీ తోట, నీ ఇష్టం. నా మెడ చుట్టూ వేసుకో చెయ్యి. గట్టిగా. నీ బరువు సగమైపోయిందన్నయ్యా, తెలుసా? నన్ను ఇలాగే ఎత్తుకుని పాయ దాటించేవాడివిట, అమ్మ చెప్పేది.

గుమ్మం. తల వంచు.

నేను మాత్రం చెట్లకేసి చూడను. నీ మొహంకేసి అసలే చూడను. నేల చూసుకుంటూ నడుస్తాను, పడిపోకుండా.

నేల కూడా తెల్లగానే ఉంది.