దుప్పట్ల గదికి బయటి గడియ

నా పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. మళ్ళీ చెప్పను. వయసు నలభై రెండు. వృత్తి, పిల్లల సంరక్షణ కేంద్రంలో సహాయ టీచరు. స్టేషన్ రైటరుగారు "ఆయా" అని రాశారు, అది కొట్టేయండి. ఆయా వేరే ఉంది, ఆవిడ పని ఆవిడది. నేను అక్కడ ఉద్యోగం చేస్తూనే పసిపిల్లల సంరక్షణలో, విద్యలో డిగ్రీ చదువుతున్నాను. వారంలో నాలుగు రోజులు పని, ఒక రోజు కాలేజీ. పని చేసే చోటే పరీక్ష కూడా. కాలేజీ నుంచి లెక్చరరు వచ్చి గది మూలన కూర్చుని, నేను పిల్లలతో ఎలా ఉన్నానో చూసి మార్కులు వేస్తుంది. ఇది మూడో ఏడు, ఆఖరిది. "నీళ్ళు తాగారా, నీళ్ళు తాగారా" అని రోజంతా వెంటపడతాను కాబట్టి పిల్లలు నన్ను నీళ్ళత్త అంటారు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: కొట్టాను. నిన్న ఉదయం పదిన్నర ప్రాంతంలో, కేంద్రంలోని పెద్ద గదిలో, మేడమ్‌ను, అంటే యజమానురాలిని, ఎడమ చెంప మీద ఒక్కసారి కొట్టాను. "తోపులాట జరిగింది" అని రాశారు. తోపులాటేమీ జరగలేదు. నేను తొయ్యలేదు, కొట్టాను. చెంపదెబ్బ అని రాయండి. అలా రాస్తే నాకే నష్టమని మీరు జాలిపడుతున్నారేమో, ఆ జాలి నాకు అక్కర్లేదు. జాలి పడాల్సినవాడు వేరే ఉన్నాడు. ముందు వాడి సంగతి రాయండి.

వాడికి మూడున్నరేళ్ళు. ఇంకా మాటలు రాలేదు. సంతోషమొచ్చినా దిగులొచ్చినా నోరు మూసుకుని ఝుమ్మని రొద చేస్తాడు, అందుకే తుమ్మెద అని పేరు పడింది. వాళ్ళమ్మ బస్సు కండక్టరు. నాన్న లేడు, ఎక్కడున్నాడో వాళ్ళకూ తెలియదు. మా దగ్గరికి రాకముందు మూడు చోట్ల వాణ్ణి వద్దన్నారు. కేకలు పెడతాడు, విసిరేస్తాడు, మిగతా పిల్లల తల్లిదండ్రులు ఊరుకోరు అన్నారు. మా మేడమ్ కూడా వద్దనేదే. నేను చూసుకుంటానంటే ఒప్పుకుంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి బిడ్డకూ గదిలో ఒక సొంత మనిషి ఉండాలి, పడితే ఎత్తడానికి, ఏడిస్తే ఎందుకో కనుక్కోవడానికి. తుమ్మెదకు సొంత మనిషిని నేను.

వాడికి కొత్త మనుషులంటే భయం. ఈ ఏడు లెక్చరరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు వాడు ఆవిణ్ణి చూసి అరగంట కేకలు పెట్టాడు, రంగుల గిన్నె ఆవిడ చీర మీదికి విసిరాడు. "గది మీ అదుపులో లేదు" అని ఆవిడ నన్ను ఫెయిల్ చేసింది. ఏడాదికి రెండు సందర్శనలే. రెండోది కూడా పోతే డిగ్రీ పోయినట్టే. డిగ్రీ లేకపోతే నేను ఎన్నాళ్ళు చేసినా సహాయ టీచరునే, ఒక గది నా చేతికి రాదు. ఇంకోటి కూడా రాసుకోండి. ఉద్యోగం ఊడితే చదువు కూడా ఊడుతుంది, పని చేసే చోటు లేకుండా ఈ చదువు లేదు. నా జుట్టు మేడమ్ చేతిలో ఉంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

మా ఆయన లారీల మెకానిక్. నేను చేరినప్పుడు "ఈ వయసులో పలకా బలపం పట్టుకుంటావటే" అని నెలరోజులు వెక్కిరించాడు. ఇప్పుడు నేను కాలేజీకి వెళ్ళే రోజు వంట ఆయనదే. ఉప్పు రెండింతలు వేస్తాడు, నోరెత్తకుండా తింటాం.

నిన్న రెండో సందర్శన. లెక్చరరమ్మ పదింటికి రావాలి. పావు తక్కువ పదికి మేడమ్ వచ్చి తుమ్మెద చెయ్యి పట్టుకుంది. "ఇవాళ వీణ్ణి నా గదిలో కూర్చోబెట్టుకుంటాలే. రంగులిస్తాను. నువ్వు హాయిగా నీ పరీక్ష చేసుకో" అంది. నేను "థాంక్స్ మేడమ్" అన్నాను. అది కూడా రాయండి. హమ్మయ్య అనుకున్నాను. వాడు వెళుతూ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను టబ్బులో నీళ్ళు నింపుకుంటున్నాను.

నా పరీక్ష నీళ్ళ ఆట. సీసాలు, గరాట్లు, జల్లెడలు, ఒక పెద్ద టబ్బు. ఏ సీసాలో ఎక్కువ పడతాయి, ఏది ముందు నిండుతుంది అని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టాలి, నేను చెప్పకూడదు. బ్రహ్మాండంగా జరుగుతోంది. ఒకడు ఇంకొకడికి గరాటు పట్టుకుంటున్నాడు, ఎప్పుడూ పోట్లాడుకునే ఇద్దరు వంతులు వేసుకుంటున్నారు. లెక్చరరమ్మ మూలన కూర్చుని నవ్వుకుంటూ రాసుకుంటోంది. ఆయా తుడిచే గుడ్డ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

మా దగ్గర నాలుగేళ్ళ పిల్ల ఒకతి ఉంది. ఏ సంగతైనా నడుం మీద చెయ్యి పెట్టి తీర్పు చెబుతుంది, బామ్మ అని పిలుస్తాం. బాత్రూముకు వెళ్ళి వచ్చి నా కొంగు లాగింది.

"నీళ్ళత్తా, తుమ్మెదకి ఈ ఆట లేదా?"

"వాడు మేడమ్ గదిలో ఉన్నాడమ్మా. రంగులు వేసుకుంటున్నాడు."

"లేడు. దుప్పట్ల గదిలో ఉన్నాడు. తలుపు కొడుతున్నాడు. మేడమ్ బయట నిలబడి ష్ ష్ అంటోంది. నాక్కూడా ష్ అంది."

దుప్పట్ల గది అంటే మధ్యాహ్నం పిల్లలు పడుకునే పరుపులు, దుప్పట్లు పేర్చిపెట్టే కొట్టు. కిటికీ లేదు. లైటు స్విచ్చి బయట ఉంటుంది. గడియా బయటే.

నేను లెక్చరరమ్మ వైపు చూశాను. ఆవిడా విన్నది. కలం ఆగింది. "టీచర్‌గారూ, ఒక్క నిమిషం వెళ్ళొస్తాను" అన్నాను. ఆవిడ నీళ్ళు నమిలింది. "మధ్యలో ఆపితే నేను దీన్ని లెక్కలోకి తీసుకోలేనండీ. ఇంకెంత, పది నిమిషాలేగా. ఆపైన మీ ఇష్టం" అంది. నేను ఆయాకు పిల్లల్ని చూడమని చెప్పి వెళ్ళాను. ఆలోచించావా అని మీరు అడిగారు. ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆ పది నిమిషాలు ఆగి ఉండేదాన్నేమో, ఎవరికి తెలుసు.

అక్కడ మేడమ్ లేదు. గడియ వేసి ఉంది. లైటు ఆర్పి ఉంది. తీసి చూస్తే వాడు పరుపుల వెనక గోడకు ముఖం ఆనించుకుని నిలబడి ఉన్నాడు. నిక్కరు తడిసింది. ఒక కాలి మేజోడు చేతిలో పట్టుకున్నాడు. రొద లేదు, ఏడుపు లేదు. వాడు కేకలు పెట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. ఎడమ ముంజేతి మీద వాడి పళ్ళ గాట్లే ఉన్నాయి, రెండు చోట్ల రక్తం వచ్చింది. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుపోయాడు. నన్ను గుర్తుపట్టలేదు సార్. వాడి సొంత మనిషిని నన్ను వాడు గుర్తుపట్టలేదు.

వాణ్ణి ఎత్తుకుని పెద్ద గదిలోకి వచ్చాను. మేడమ్ నా వెనకే పరుగెత్తుకొచ్చింది. లెక్చరరమ్మకు వినపడకూడదని ముఖాన నవ్వు పులుముకుని గొంతు తగ్గించి అంది. "ఎందుకే ఇంత రాద్ధాంతం? అరగంట కోసం పెట్టాను. పరుపుల మధ్య మెత్తగా ఉంటాడులే అనుకున్నాను. అయినా ఇదంతా నీ డిగ్రీ కోసమే కదా చేశాను."

ఆ చివరి మాటకు నా చెయ్యి లేచింది. నా డిగ్రీ కోసమట! నా డిగ్రీ పసిపిల్లల సంరక్షణలో. పసివాణ్ణి చీకట్లో పెట్టి గడియ వేసి నాకు పసిపిల్లల సంరక్షణలో డిగ్రీ ఇప్పిస్తుందట. ఎవరడిగారు? వాణ్ణి దాచి నన్ను పాస్ చేయించమని ఎవరు కాళ్ళు పట్టుకున్నారు? కాలేజీ వాళ్ళు ఇకమీద కూడా మాలాంటి ట్రైనీలను పంపాలి, సగం జీతానికి పూర్తి చాకిరీ దొరకాలి, అందుకోసం గది బొమ్మలకొట్టులా కనపడాలి. చేసింది తన కోసం, పేరు నాది. కొట్టాను.

ఆవిడ చెవి కమ్మ ఊడి టబ్బులో పడింది. "లాక్కుంది" అని ఫిర్యాదులో ఉందట. పిల్లలు జల్లెడతో వెతికి తీసి ఆవిడ చేతికే ఇచ్చారు, ఆవిడ చెవికి పెట్టుకుంది కూడా. కావాలంటే ఆయాను అడగండి.

నాకు సిగ్గనిపించేది ఒక్కటే, పిల్లల ముందు కొట్టాను. అప్పుడు బామ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది. "నీళ్ళత్తా, కొట్టకూడదని నువ్వే చెప్పావుగా?" అంది. "అవునమ్మా. కొట్టకూడదు. నేను కొట్టాను" అన్నాను. "అయితే చాప మీద కూర్చో" అంది. మా గదిలో ఎవరైనా కొడితే మూలనున్న చాప మీద కూర్చోవాలి. దెబ్బ తిన్నవాళ్ళూ వచ్చి ఎదురుగా కూర్చోవాలి. కోపం ఎందుకొచ్చిందో వీళ్ళు చెప్పాలి, వాళ్ళు వినాలి. నేను పెట్టిన పద్ధతే. తుమ్మెదను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బామ్మ మేడమ్ దగ్గరికి వెళ్ళి "నువ్వూ రా" అని చెయ్యి పట్టుకుంది. మేడమ్ విదిలించుకుని మీకు ఫోన్ చేసింది. మీ కానిస్టేబుల్ "నేల మీద కూర్చుని నాటకమాడుతోంది" అని రాసుకున్నాడట. నాటకం కాదు, నా శిక్ష నేను అనుభవిస్తున్నాను. రెండోవాళ్ళే వచ్చి కూర్చోలేదు.

తరువాత జరిగింది కూడా రాయండి. నిన్న సాయంత్రం ఆరింటికి మేడమ్ ఫోన్ చేసింది. నేను క్షమాపణ రాసిచ్చి, గాలికి తలుపు పడిందని చెబితే కేసు వెనక్కి తీసుకుంటుందట, ఉద్యోగం ఉంచుతుందట. కిటికీ లేని గదిలో గాలి! ఆ గాలే లైటు ఆర్పి గడియ కూడా వేసిందన్నమాట. "రేపు స్టేషన్‌లో ఏం చెబుతావో చూసుకుని మాట్లాడు" అని పెట్టేసింది.

ఏడింటికి లెక్చరరమ్మ ఫోన్ చేసింది. చెంపదెబ్బ చూశానని చెబుతుందట, గది సంగతి మాత్రం తనకు తెలియదట. "నేను గమనించడానికి వచ్చానండీ, జోక్యం చేసుకోవడానికి కాదు. మీరు సర్దుకుంటే ఇంకో సందర్శన ఇప్పించే ప్రయత్నం చేస్తాను" అంది. పోయిన వారమే ఆవిడ మాకు పిల్లల హక్కుల మీద పాఠం చెప్పింది, బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసింది. పాఠానికున్న నోరు సాక్ష్యానికి లేదు. "మీరు నన్ను ఫెయిల్ చేయండి టీచర్‌గారూ" అన్నాను.

మా ఆయన వింటున్నాడు. "సారీ అంటే నోటి ముత్యాలేం రాలిపోవు కదే. మూడేళ్ళు చదివావు" అన్నాడు. అతని తప్పు లేదు. నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో అతనే చూశాడు.

తరువాత తుమ్మెద వాళ్ళమ్మ వచ్చింది. యూనిఫాంలోనే ఉంది, భుజాన టిక్కెట్ల సంచి అలాగే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, గది సంగతి ఎత్తొద్దు. వాళ్ళు మూసేస్తే నేను వాణ్ణి ఎక్కడ పెట్టను? బస్సులో పెట్టుకుని తిరగనా?" అంది.

"వాడి చెయ్యి చూశావా?" అన్నాను.

"చూశానక్కా. మందు రాశాను."

"రేపట్నుంచి మా ఇంట్లో వదులు. నేను చూసుకుంటాను. డబ్బులేమీ వద్దు."

"రేపు నువ్వు స్టేషన్‌కి పోవాలిగా అక్కా" అంది.

ఆ తల్లి వెళ్ళాక మా ఆయన మళ్ళీ సారీ మాట ఎత్తలేదు.

ఇవాళ ఉదయం తొమ్మిదిన్నరకు ఇక్కడికి నడిచి వస్తూ కేంద్రం ముందు నుంచే వచ్చాను. తుమ్మెద లోపలి నుంచి గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతికి కట్టు ఉంది. నన్ను లోపలికి రానివ్వొద్దని కాపలావాడికి చెప్పారట. గేటు సందులోంచి పిలిస్తే వాడు నా వైపు చూడలేదు.

పని వేళలు రాసే బోర్డు గేటు పక్కనే ఉంటుంది. ఇవాళ పన్నెండింటికి ఇంకో ట్రైనీకి సందర్శన ఉంది. కాలేజీ నుంచి వేరే లెక్చరరు వస్తోంది, కొత్త మనిషి. గదిలో వాడికి సొంత మనిషి లేదు. నేను ఇక్కడ మీ ముందు కుర్చీలో ఉన్నాను. మీరు మేడమ్ చెంప గురించి నాలుగుసార్లు అడిగారు, ఏ చెంప, ఏ చెయ్యి, వాచిందా లేదా అని. వాడి గురించి ఒక్కసారైనా అడగలేదు. రైటరుగారూ, ఈ వాక్యం కూడా రాయండి, తల దించుకోకండి.

పైన చెప్పిందంతా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ బెదిరించి చెప్పించలేదు, బతిమాలి మాన్పించబోయారు, మానలేదు. చదివి వినిపించనక్కర్లేదు, నాకు చదువొచ్చు, నేనే చదువుకున్నాను. ఒకచోట "ఆవేశంలో" అని మీరు కలిపింది కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాను. కొట్టినందుకు ఏ శిక్ష వేయిస్తారో వేయించండి, ఎక్కడికీ పారిపోను. ఇప్పుడు పదకొండూ నలభై. నడిచి వెళితే పావుగంట, మీ జీపులో అయితే ఐదు నిమిషాలు. సంతకం పెట్టేశాను. లేవండి సార్, వాణ్ణి బయటికి తీసుకొద్దాం.

(సంతకం)