కాగాలంట పెట్టె

హోసూరు వాద్యాల అంగడిలో గిటారు తగిలించుకున్న కూతురు రెండో ఆంప్లిఫయర్ ఆన్ చేసి తీగ మీటింది. మారెమ్మ జాతరలో తను వాయించే పలక డప్పు పక్కన ఈ పెట్టెలు వద్దే వద్దని నాయన దారి పొడుగునా గొణిగాడు.

“సద్దే రాలేదే పాపా! చెడిపోయినట్టుంది.”

“లేదు నాయనా. దీంట్లో గాజు ట్యూబులుండాయి. అవి కాగాల.”

“కాగాలా? మన పలక మాదిరా?”

“అవును. మంటకాడ కాచకుండా నువ్వెప్పుడన్నా వాయించినావా?”

ఆయన వంగి, పెట్టె వెనక ఎర్రబడుతున్న ట్యూబులను చూశాడు. ఆమె సద్దు పెంచే గెయిన్ మర నిండా తిప్పి మళ్ళీ తీగ మీటింది. అంగడి అద్దాలు అదిరాయి.

“ఏది తీసుకునేది నాయనా? మొదటిదైతే ఆన్ చేస్తానే పలికింది.”

“అది ఊరికే అరిచింది. ఇది ఎదలో కొడతా ఉంది. ఇదే తీసుకో.”

“మరి జాతరకు?”

“నేను పలక కాచుకునే లోపల నువ్వు దీన్ని కాచుకో. ఇద్దరమూ ఒకేసారి మొదలుపెడదాం.”