మూడో విసురు

విజయవాడ గ్రౌండులో రైల్వే ఉద్యోగానికి ఆటగాళ్ళను ఎంచుకుంటున్నారు. డిస్కస్ బిళ్ళ విసరడానికి ఉయ్యూరు నుంచి వచ్చిన అంతోనికి మూడు అవకాశాల్లో రెండు చేజారిపోయాయి. అక్క శౌరమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంది.

“ముందు ఆ చొక్కా బొత్తాలు పెట్టుకోరా. ఆఫీసర్లు చూస్తన్నారు.”

“ఉక్కపోస్తంది, వదిలెయ్యక్కా.”

“ఉక్కేంటిరా, జనవరి నెల్లో?”

“పోదాం పద. బస్సు దొరుకుద్ది.”

“ఇంకో విసురుందిగా.”

“ఉంటే? రెండూ గీతకి ఇవతలే పడ్డాయి. మనూళ్ళో కాలవగట్టు మీద విసిరినప్పుడు ఇనపదానికంటే ఈ చెక్కబిళ్ళే కదా దూరం పడేది? ఇక్కడేమైంది దీనికి?”

“నేనేం చెప్పేది.”

“పడ్డచోటల్లా పుల్లలు పాతింది నువ్వేగా. నీకు తెలీదా?”

“తెలుసు… ముందు మంచినీళ్ళు తాగు.”

“నాకొద్దు. డ్రిల్లు మాస్టరు జక్కయ్యగారు ఏం చెప్పారు? మూడు బిళ్ళలు పట్టుకుంటే ఒక్కటీ చెప్పిన మాట వినదు, ఒకదాన్నే మచ్చిక చేసుకోమన్నారు. రబ్బరుది ఎవరికో ఇచ్చేశాను. ఇనపది పక్కన పెట్టాను. అప్పట్నించీ దీంతోనే…”

“రబ్బరుది పోనీలే. ఆ ఇనపది…”

“దాని మాటెందుకిప్పుడు?”

“సంచిలో ఉందిరా.”

“ఎందుకు తెచ్చావు?”

“ఎందుకో తెచ్చాను.”

“అక్కా.”

“తిట్టు, కొట్టు, పడతాను. దూరం పడేది ఇనపదేరా అంతోనీ. పుల్లలు నేను మార్చి పాతేదాన్ని.”

“ఇప్పుడెందుకక్కా అదంతా?”

“అది విసిరిన రోజల్లా నీ మణికట్టు వాచిపోయేది. నిద్దట్లో మూలిగేవాడివి. చూళ్ళేకపోయాను. ఇంతపని అవుద్దనుకోలేదు, యేసయ్య తోడు. ఇదుగో, తీసుకో. ఈ ఒక్కసారికీ దీంతో విసురు. ఈ ఉద్యోగం కూడా పోతే జీవితమంతా చెరుకు కొడతా కూర్చుంటావా?”

“నాకు తెలుసక్కా.”

“ఏం తెలుసు?”

“నువ్వు మార్చావని. ఇనపది పడితే మట్టి లోతుగా లేచిపోద్ది. చెక్కది పైపైన గీరుద్ది. చెక్కదని నువ్వు పాతిన పుల్ల దగ్గర ఎప్పుడూ లోతు గుంటే ఉండేది.”

“తెలిసి ఊరుకున్నావా? ఎందుకురా?”

“నువ్వు మార్చకపోతే నేనే ఏదో ఒకటి చెప్పి ఇనపది మానేసేవాణ్ణి.”

“ఏంటి నువ్వనేది? అదుగో, నీ పేరే పిలుస్తన్నారు. పట్టుకో ఇనపది.”

“చెక్కదే ఇయ్యి. అంతకు ముందు ఈ బొత్తాలు నువ్వు పెట్టక్కా. ఇనపది విసిరేటప్పట్నించే నా వేళ్ళు సరిగ్గా వంగటల్లా.”