లోపల గడియ పెట్టిందెవరు?

ఆ వీధి సెలూన్ బాబాయిది బంగారం లాంటి చెయ్యి, పిచ్చుక లాంటి గుండె. కత్తి పట్టాడంటే నిద్రపోతున్న పసివాడి తలైనా లేపకుండా గీసెయ్యగలడు. పక్కన ఎవరైనా గట్టిగా తుమ్మారా, ఆ బంగారం చెయ్యే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఓసారి గోడమీంచి బల్లి పడితే ఒక పెద్దమనిషి మీసం సగం పోయింది. మిగతా సగం ఆయనే తీయించేసుకుని, అప్పట్నుంచి బోడి మూతితోనే తిరుగుతున్నాడు. "బాబాయి చేతికి భయపడక్కర్లేదు, చప్పుడుకి భయపడండి" అని వీధిలోవాళ్ళు కొత్తగా దిగినవాళ్ళకి చెబుతూ ఉంటారు.

ఇదంతా తెలిసీ చిన్నల్లుడు ఆ పొద్దున్న వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ వీధిలో ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళని చేసుకున్న తోడల్లుళ్ళు ఇద్దరున్నారు. అక్క మొగుడు పెద్దల్లుడు, చెల్లెలి మొగుడు చిన్నల్లుడు. అత్తవారింట్లో పుట్టిన ఆ పిలుపులే వీధిలోనూ స్థిరపడిపోయాయి. చిన్నల్లుడికి మధ్యాహ్నం ఇంటర్వ్యూ ఉంది. పెద్ద హోటల్లో గుమ్మం ఎదురుగా కౌంటర్ దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరించే ఉద్యోగం. పాత హోటల్ మూతపడ్డాక నెలల తరబడి ఖాళీగా ఉన్నాడు. భార్య కుట్టుమిషన్ మీదే ఇల్లు నడుస్తోంది.

"వాళ్ళు ముందు చూసేది మొహమే. మీరు గీసుకుంటే మూడు గాట్లు ఖాయం. బాబాయి దగ్గరికి వెళ్ళండి, ఎవరూ లేనప్పుడు చూసి వెళ్ళండి. దూది అంటించుకుని మాత్రం ఇంటికి రాకండి" అని ఆవిడ ఇస్త్రీ చొక్కా చేతికిస్తూ చెప్పి పంపించింది.

వెళ్ళేసరికి వెనక గోడ పక్కన బెంచీ మీద మందుల షాపాయన ఒక్కడే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నెమ్మదస్తుడు, తుమ్మే రకం కాదు. చిన్నల్లుడు ధైర్యంగా తల వెనక్కి వాల్చాడు. బాబాయి నురగ పూసి, గడ్డం పైకెత్తి, కత్తి తెచ్చి సరిగ్గా గొంతు మీద ఆనించాడు. అప్పుడు అద్దాల తలుపు కిర్రుమంది.

"ఏం బాబాయ్, మా తమ్ముణ్ణి పెళ్ళికొడుకుని చేస్తున్నావా?"

ఆ గొంతు వినగానే చిన్నల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి. వచ్చినవాడు పెద్దల్లుడు. ఇంటింటికీ ఇంటర్నెట్ వైర్లు లాగే కంపెనీలో పని. ఆయన మాటలు కోటలు దాటుతాయి గానీ వైరు మాత్రం గడప దాటదని కనెక్షన్ కోసం కాచుకుని కాచుకుని విసిగినవాళ్ళు అంటూ ఉంటారు.

"ఇంటర్వ్యూ అట సార్" అన్నాడు బాబాయి.

"శుభం." పెద్దల్లుడు బెంచీ మీద కూలబడి ఫోను తీశాడు. "ఈ ఫోన్లలో రెండు మూడు ముక్కల దెయ్యం కథలొస్తున్నాయి చూశారా? జనం చదివి హడలి చస్తున్నారు. అవెవరు రాస్తున్నారనుకున్నారు?"

మందుల షాపాయన పేపరు దించలేదు. "నువ్వేనని మాత్రం చెప్పకు."

"అన్నీ నేనే అనడానికి నాకంత పొగరు లేదండీ. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి. ఓరోజు స్తంభమెక్కి వైరు బిగిస్తూ, ఒక చేత్తో స్క్రూడ్రైవరు, ఇంకో చేత్తో ఫోను, ఊరికే తోచక రాసి పడేశాను. వినండి." గొంతు బాగా తగ్గించాడు. "ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. సాయంత్రం వచ్చి తలుపు తాళం తీశాను. లోపల గడియ పెట్టి ఉంది."

మూలనున్న కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. బాబాయి కూడా ఇంట్లో ఒక్కడే ఉంటాడని చిన్నల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళాం పోయింది, కూతురు అత్తారింట్లో ఉంది. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి, వీధి చివర గదికెళ్ళి, తాళం తీసుకుని లోపలికి వెళతాడు.

గొంతు మీద కత్తి అంచు సన్నగా ఆడటం మొదలెట్టింది.

"ఎవరు... ఎవరు పెట్టారు సార్ గడియ?"

మింగుదామంటే గొంతు కదులుతుంది, కదిలితే తెగుతుంది. చిన్నల్లుడు నోట్లో ఊరిన ఉమ్మిని అలాగే పట్టుకుని, కళ్ళు పైకప్పుకి అప్పగించి పడుకున్నాడు. అతనికి నిజంగా భయమేసింది. 'అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఇంకొక్క ముక్క మాట్లాడకు' అని మనసులోనే మొక్కుకున్నాడు. ఊరుకోమంటే ఊరుకునే మనిషైతే ఆయన పెద్దల్లుడు ఎందుకవుతాడు!

"ఎవరా? అడిగావూ, అదీ ప్రశ్నంటే! తలుపు సందులోంచి తొంగి చూశాను బాబాయ్. ఏడడుగుల మనిషి. ఏడని ఎందుకన్నానంటే అప్పటికి వంగి ఉన్నాడు. నిటారుగా నిలబడితే పన్నెండు! ఒక్కో కన్ను లారీ లైటంత, పళ్ళు చూస్తే పారలు, ఒంటి నిండా గొర్రెకున్నంత బొచ్చు, వీపు మీద ఇంకో మొహం, ఆ మొహానికి మళ్ళీ మీసాలు!"

"పన్నెండడుగులా? ఆ ఇంటి కప్పు ఎత్తెంతయ్యా?" అన్నాడు మందుల షాపాయన.

"అందుకే కదండీ వంగింది!"

కత్తి ఆడటం తగ్గింది. చిన్నల్లుడు మొదట నమ్మలేదు. వీపు మీది మొహానికి మీసాలు మొలిచేసరికి మాత్రం అనుమానం తీరిపోయింది. బాబాయి చెయ్యి మళ్ళీ బంగారమై, గొంతు కిందనుంచి గడ్డం దాకా వెన్న మీద పోయినట్టు పోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కథ చదివి మొదట మా ఆఫీసులో గుమాస్తాకి జ్వరం పట్టుకుంది. ఆయన్ని చూడ్డానికొచ్చిన డాక్టరు ఏమిటీ జబ్బని ఫోను తీసి చదివాడు, పక్కమంచం ఆయనకి వేశారు. డాక్టర్ని చూడ్డానికి నర్సు, నర్సుని చూడ్డానికి నర్సు మొగుడు, అలా ఆ ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలేశారండీ!"

"మరి మందులకి నా కొట్టుకి ఒక్కడూ రాలేదేం?"

"లేవగలిగితే కదా రావడానికి! ఇంకా వినండి. ఊళ్ళో ఒక్క తలుపుకి గడియ మిగల్లేదు, జనం అన్నీ పీకి పారేశారు. గడియల్లేవు కదాని దొంగలు బయల్దేరారా, వాళ్ళూ ఫోన్లున్నవాళ్ళే, వాళ్ళూ చదివినవాళ్ళే! చీకట్లో ఒకణ్ణి చూసి ఒకడు దెయ్యమనుకుని, అందరూ కలిసి పోలీస్ స్టేషన్ కెళ్ళి, మమ్మల్ని లోపలేసి తాళం పెట్టండి మహాప్రభో అని..."

"ఇక చాల్లేవయ్యా!" మందుల షాపాయన పేపరు ఫట్టుమని మడిచాడు. "వినేవాడుంటే గోరంతని కొండంత చేస్తావు. చెవుల్లో ఎన్ని పూలు పెడతావు? కాసేపు నోరు మూసుకుని కూర్చో."

పెద్దల్లుడికి కోపం వచ్చింది. "సరే. నాకేం పోయింది. చెప్పను" అని మొహం గోడకి తిప్పేసుకున్నాడు.

మళ్ళీ కుళాయి చుక్క. బాబాయి కత్తి తుడిచి, చెవి కింద మొదలుపెట్టి, గొంతు దగ్గరికొచ్చి ఆగాడు.

"అయినా సార్," అన్నాడు చిన్నగా, తనలో తను అనుకుంటున్నట్టు. "తాళం బయట వేసింది వేసినట్టే ఉంది. లోపల గడియ పెట్టి ఉంది. అంతేనా?"

చెయ్యి వణికింది. ఈసారి ముందటికంటే ఎక్కువగా వణికింది. చల్లటి అంచు చర్మం మీద టకటకమని తగులుతోంది. చిన్నల్లుడికి కౌంటర్ కనబడింది, దాని వెనక గొంతుకి గుడ్డ చుట్టుకుని నవ్వుతున్న తను కనబడ్డాడు, ఇంటి దగ్గర తలొంచుకుని మిషన్ తొక్కుతున్న భార్య కనబడింది. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు పీక దక్కాలి. ఏదో ఒకటి చెయ్యాలి. వీధిలో మందుల షాపాయనకి తెలియని ఒక రహస్యం ఇప్పుడు అతని మెడకి తెలుసు. ఆ గడియ పెట్టిందెవరో తెలియనంతసేపే బాబాయికి భయం. పన్నెండడుగులవాడొచ్చాడంటే భయం పోతుంది.

అత్తవారింట్లో పెద్దల్లుడు నోరు విప్పితే చాలు, చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి జారుకునే మనిషి, ఆ క్షణాన పెదాలు కదపకుండా, ముక్కులోంచి, జీవితంలో మొదటిసారి ఆ మాట అన్నాడు.

"త...ర్వాత... అన్నయ్యా?"

పెద్దల్లుడు చటుక్కున తిరిగాడు. ఆ మొహం చూడాలి, పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగిపోయింది. "చూశారా, మా తమ్ముడికున్న రసికత మీకేదండీ! వాడి కోసం చెబుతాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా తమ్ముడూ? నా కథ పోతున్న వైరు చల్లబడిపోయి మంచు కట్టింది. ఆ మంచు గీరి ఎదురింటివాళ్ళు పళ్ళరసంలో వేసుకున్నారు. టవర్లు భయంతో తలొంచేసుకున్నాయి, కావాలంటే వెళ్ళి చూసుకో, ఒకటి ఇప్పటికీ వంకరే!"

"ఊఁ... తర్వాత?" చెయ్యి కుదుటపడింది, కత్తి కదిలింది.

"తర్వాత దెయ్యాలే దిగొచ్చాయి! ఒకటీ రెండూ కాదు, లైను కట్టి మా గుమ్మంలో నిలబడ్డాయి. పెద్ద దెయ్యం ముందుకొచ్చి, 'గురువుగారూ, జనం దగ్గరున్న భయమంతా మీరే వాడేస్తున్నారు, మా పిల్లలకేం మిగల్చడం లేదు, మా కడుపులు కొట్టకండి' అని కాళ్ళు పట్టుకుంది. పట్టుకోడానికి దానికి చేతుల్లేవు, అది వేరే సంగతి."

"ఊఁ!"

"ఆ గడియ పెట్టినవాడు, మన పన్నెండడుగులవాడు, ఫోన్లోంచి మోచెయ్యి దాకా బయటికొచ్చి ఇరుక్కుపోయాడు. నేనే పట్టి లాగాను. లాగి, మా కంపెనీలోనే పెట్టించాను. నిచ్చెన అక్కర్లేదుగా, నేలమీద నిలబడే స్తంభం మీద వైరు కడతాడు!"

బాబాయి ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే చివరి గీత గీశాడు, తడిగుడ్డతో తుడిచాడు, పటిక రుద్దాడు. చిన్నల్లుడు అద్దంలోకి వంగి గడ్డం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. గాటన్నది లేదు. అద్దానికే దణ్ణం పెట్టాలనిపించింది. అప్పటిదాకా పట్టుకున్న ఉమ్మి అప్పుడు మింగాడు.

"చూశావా బాబాయ్, నా కథకి ఎలా వణికిపోయావో!" అన్నాడు పెద్దల్లుడు కాలు మీద కాలు వేసుకుని.

"వణికాను సార్, అబద్ధమెందుకు" అన్నాడు బాబాయి కత్తి కడుగుతూ. "గడియ మాట దగ్గర నా ప్రాణం పోయిందనుకోండి. అక్కడితో మీరు ఆపేసి ఉంటే ఈ బాబు పీక తెగేది. మీరు పన్నెండడుగులన్నారు చూడండి, అక్కణ్ణుంచి చెయ్యి నిలబడింది. చేతుల్లేని దెయ్యం కాళ్ళు పట్టుకునేసరికి, ఈమధ్య చేసినవాటిలో ఇంత నున్నటి గడ్డం లేదు."

మందుల షాపాయన పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, "కొట్టు దగ్గర ఎవరో వచ్చినట్టున్నారు" అంటూ పేపరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అద్దాల తలుపు అవతల కూడా ఆయన భుజాలు ఎగురుతూనే ఉన్నాయి.

పెద్దల్లుడి మొహం మాడిపోయింది. వెళ్ళి కుర్చీలో కూర్చుని తల వెనక్కి విసిరాడు. "భయపెట్టడమంటే ఏమిటో మీకేం తెలుసయ్యా! నేను భయమనేది పుట్టకముందు పుట్టినవాణ్ణి. కానీ, గియ్యి."

బాబాయి నురగ పూసి ఒక చెంప గీశాడు. చిన్నల్లుడు ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్ళ భోజనాల దగ్గర విన్న కోతలన్నీ గుర్తొచ్చాయి. ఎంతైనా వదిన మొగుడు, పైగా ఇవాళ తన పీక కాపాడినవాడు. అందుకని బాబాయి నురగ తుడవడానికి కత్తి పైకెత్తేదాకా ఆగాడు. అప్పుడు మెల్లిగా, పనిమీద వెళుతూ అన్నట్టు అన్నాడు.

"వస్తాను బాబాయ్. ఆ బెంచీ మీదాయన అన్నయ్యకంటే ముందునుంచే కూర్చున్నాడు పాపం, ఎక్కువసేపు కాచుకోబెట్టకు."

బాబాయి అద్దంలోకి చూశాడు. బెంచీ ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీగానే ఉంది. గాల్లో ఉన్న కత్తి గజగజలాడింది.

"ఎవరయ్యా?" కుర్చీలోంచి పెద్దల్లుడి గొంతు వచ్చింది. తల వాల్చి ఉంది, కళ్ళకి పైకప్పే కనబడుతోంది, కదలడానికి ధైర్యం చాలడం లేదు. "మందులాయన వెళ్ళిపోయాడుగా? బాబాయ్, బెంచీ మీద ఎవరున్నారు? మాట్లాడవేం?"

కుళాయి చుక్క పడింది.

"తమ్ముడూ! వెళ్ళకు! ఎవడు వాడు? ఎంత ఎత్తుంటాడు? పళ్ళెలా ఉన్నాయి? ఏదో ఒకటి చెప్పు తమ్ముడూ, ఆ తర్వాత ఏమైందో చెప్పి వెళ్ళు!"

"ఆ తర్వాత ఏమీ లేదన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు, మధ్యాహ్నం కౌంటర్ దగ్గర నవ్వబోయే నవ్వు నవ్వుతూ. "అంతే."

బయటికొచ్చి, వెనకాల తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.