రోడ్డుకు అవతల సరస్సు

హనోయ్‌లో హోన్ కియెమ్ సరస్సు ఎదుట, స్కూటర్ల వరద పక్కన తల్లీ కూతురూ నిలబడ్డారు. రోడ్డుకు అవతల, సరస్సు గట్టున తల్లి స్నేహితురాళ్లు విసనకర్రలతో పొద్దుటి నాట్యం మొదలుపెట్టారు.

“తుంటి ఆపరేషనయ్యాక రోడ్డు దాటడం ఇదే మొదటిసారి. భయంగా ఉందే.”

“రోజూ టూరిస్టులకి చెప్పేదే నీకూ చెప్తున్నానమ్మా. మెల్లగా నడువు, ఆగకు, వెనకడుగు అస్సలు వెయ్యకు. బళ్లే తప్పుకుంటాయి.”

“చెయ్యి పట్టుకో మరి.”

“పట్టుకున్నాగా, పద... అమ్మో, బస్సు!”

“చెయ్యొదిలేశావేంటే?”

“ఆగకమ్మా! నడువు!”

“నడుస్తూనే ఉన్నా... ఇదిగో, గట్టెక్కేశా! చూశావా? నువ్వెక్కడ?”

“ఇక్కడే... ఫుట్‌పాత్ మీద.”

“వెనకడుగేశావా! మా జట్టంతా నవ్వుతోంది. కదలకు గైడమ్మా, నేనొచ్చి దాటిస్తా!”