ఆదెమ్మ బొరుగుల కొట్టు

ఆదెమ్మని, బొరుగులు వేయించే ఆవిడ. ఇప్పటికీ ఉందిలే, కొట్టే లేదు. వాళ్ళ మామ కట్టిన కొట్టంట అది. మట్టి గోడలు, ఇంత మందాన, ఎద్దు ఆనుకున్నా కదిలేయి కావు. ముందు అరుగు, పలకల తలుపులు, లోపల బట్టీ. ఎండాకాలం మిట్టమధ్యాన్నం ఆ అరుగెక్కామనుకో, పక్కనే పొయ్యి మండతన్నా వీపుకి గోడ చల్లగా తగిలేది. మీకు చెబితే ఏం తెలుస్తదిలే. మొగుడు నాగయ్య పోయినాక కూడా ఆమె ఒక్కతే ఆ వేడి ఇసకతోనే బతుకీడ్చింది. ఏమైందంటే, ఆమెకో మరిది, పున్నారావు. బొరుగులమ్మిన తండ్రి పేరు చెప్పుకోటానికి సిగ్గంట ఆ దొరగారికి! "వదినా, ఈ మసి కొంప చూసి వియ్యాలవారు నవ్వుతున్నారు. పడగొట్టి అద్దాల కొట్టు కడతా, అందులో నీకో గది" అన్నాడంట. వద్దయ్యా, మీ నాన్న కాళ్ళతో తొక్కిన మట్టయ్యా ఇది అని ఆమె బతిమాలింది. వింటాడా? పొక్లెయిను పిలిపించాడు, తనే ఎక్కి డ్రైవరు పక్కన నిలబడ్డాడు, ఊరేగే పెళ్ళికొడుకు మాదిరి. ఆ గోడ ఒక పట్టాన పడలా. గుద్దించీ గుద్దించీ పడేశాడు. ఆదెమ్మ ఎదురుగా నిలబడి చూసింది, ఏడవలా.

అద్దాల కొట్టు లేచింది. గది ఏదయ్యా అంటే, "పొగకి అద్దాలు నల్లబడతయ్యి వదినా" అన్నాడంట. అద్దాలంట, అద్దాలు! ఎండపూట లోపలికెళ్ళినోడు ఉడికి బయటకొచ్చేవాడు. ఈమె రోడ్డుకవతల పట్టా కట్టుకుని బట్టీ పెట్టుకుంది, జనమంతా అటే. అప్పుడేం చేశాడనుకున్నారు? పాత కొట్టు ఫోటో ఇంత పెద్దది చేయించి, అద్దాల కొట్టులో తగిలించి, దండేశాడు. చంపినోడే దండేశాడు, విన్నారా!

అట్టా ఉండంగా టౌను నుంచి కెమెరాలోళ్ళు వచ్చారు, పోయిన కొట్లు, పాత మేడల సంగతులు అడుగుతా. పున్నారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫోటో ముందు నిలబడి, కళ్ళు తుడుచుకుంటా, "మా నాన్నగారి కొట్టండీ, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతదండీ" అన్నాడంట. కెమెరా పట్టుకున్న పిల్ల, పాపం తెలవక, "ఎలా పోయిందండీ?" అంది. "పెద్ద వానకి కూలిందండీ" అన్నాడు, రెప్ప కూడా వెయ్యకుండా. గుంపులో ఉన్న ఆదెమ్మ చేతులకంటిన ఇసక దులుపుకుంటా ముందుకొచ్చి, "నిజమేనమ్మా, వానే. మా మరిదిని పొక్లెయిను మీద ఎక్కించుకుని మరీ వచ్చింది ఆ వాన" అంది. జనం గొల్లుమన్నారు. అనటమైతే అంది గానీ, తన బట్టీ దగ్గరికొచ్చి కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని అప్పుడు ఏడ్చిందంట.

ఫోటో ఆ రోజే దించేశాడు పున్నారావు. దించితే మాత్రం? మొన్న చొక్కా నలక్కుండా మా వీధిన పోతన్నాడు. మా ఇంటిది చూసి, "మిరపకాయలు ఎత్తండే, వానొస్తంది!" అని కేకేసింది. ఆకాశాన మబ్బు తునకన్నా లేదు. నేనేమన్నా మందలించానా అంటే, లేదు. లేచి ఓ గంప నేనూ ఎత్తాను.