ఒక్కసారి కూడా ఆగలేదు

సరస్సు మధ్యలో ఇంజను ఆగిపోయిన పడవ. వెనకవైపు పడవవాడు అలిగి, అటు తిరిగి కూర్చున్నాడు. ముందు బల్ల మీద ఇద్దరు మనవాళ్ళు: కాగితాలు కోసే మిషన్లు బాగుచేసే పెద్ద మెకానిక్కు, అతని కిందే పనిచేసే మేనల్లుడు. కంపెనీ పంపితే ఊరుగాని ఊరు, దేశంగాని దేశం వచ్చారు.

“ఇది కూడా వాళ్ళ పనేరా.”

“ఏది మామయ్యా?”

“ఈ పడవ. కావాలనే ఆపించారు.”

“కావాలని ఆపించడమేంటి? ఇంజను చెడింది. వాడు బాగుచేసుకుంటుంటే నువ్వెళ్ళి వాడి చేతిలో స్పానరు లాక్కున్నావ్. అది కాస్తా నీళ్ళపాలు చేశావ్. దానికోసం వంగి సగం నువ్వూ పడ్డావ్. వాడి దగ్గర ఉన్నది అదొక్కటే. ఇంకో పడవొచ్చి లాక్కెళ్ళేదాకా మనకిదే ఇల్లు.”

“స్పానరు జిడ్డుగా ఉంది. జారింది.”

“సరేలే, జారింది.”

“సరేలే అని ఆ సాగదీతేంటి? జారిందంటే జారింది. నేను బిగించిన కత్తి మిషను దగ్గర ఇన్నేళ్ళలో ఒక్కడి వేలు పోలేదు, తెలుసా? ఒక్కడిది! ఆ పేరొక్కటి చాలురా నాకు. స్పానరు పోతే పోయింది.”

“నేనేమన్నానిప్పుడు? ముందా కోటు తియ్యి. తడిసి ముద్దయింది. నీకు జలుబు చేస్తే అత్తయ్య నా మీద చీపురు తిరగేస్తుంది.”

“కోటు జోలికి రాకు.”

“ఇంత ఎండ కాస్తుంటే...”

“రాకన్నానా! నాకొకటి చెప్పు. మనం ఈ దేశం దేనికొచ్చాం?”

“ప్రెస్సులో మిషను మాటిమాటికీ ఆగిపోతోందంటే వచ్చాం.”

“బాగుచేశామా?”

“చేద్దాం.”

“ఎప్పుడు చేద్దాం? వచ్చిన రోజు ఒక్క పూట చూశాం, అంతే. మన పనిముట్లున్న సామాన్ల పెట్టె వేరే విమానమెక్కి ఎటో పోయిందన్నారు. అది దొరికేదాకా మా ఊరు చూడండన్నాడు ప్రెస్సు ఓనరు, ఆ బట్టతలాయన. చూశాం. మ్యూజియంలో మనం లోపలుండగానే తలుపులేసుకుని పోయారు. పాపం, ఆ రాజుగారి మంచం మీద కాస్త కూర్చున్నానో లేదో...”

“కూర్చోలేదు. పడుకున్నావ్. గురక కూడా పెట్టావ్.”

“నడుం లాగిందిరా! నిన్న ఆ బురుజెక్కితే లిఫ్టు ఆగిపోయింది. మెట్లన్నీ దిగేసరికి మోకాళ్ళు నావి కావు. ఇవాళ పడవ. పని కోసం రప్పించుకున్న మెకానిక్కుని ఇలా ఊరేగించాల్సిన ఖర్మ ప్రెస్సు ఓనరుకేంటి? ఎప్పుడైనా ఆలోచించావా?”

“మర్యాదస్తులు మామయ్యా.”

“మర్యాదా, నా మొహమా! మనల్ని ఇటు తిప్పుతూ అటు మన కంపెనీ చేసిన మిషను విప్పి కొలతలు తీసుకుంటున్నారు. మొదటి రోజే చూశా. నువ్వు పెట్టె కోసం ఫోను పట్టుకుని బయటికెళ్ళావా, ఇక్కడ బట్టతలాయన ఫొటోలు మొదలెట్టాడు. పైనా, కిందా, లోపలా. ఏంటవి, పెళ్ళి ఫొటోలా?”

“ప్రతిదానికీ అనుమానమేనా?”

“నీ ఫోను మోగుతోంది.”

“ఆఁ... కట్ చేశాలే. ఎవరో ప్రకటనలవాళ్ళు.”

“ఈ దేశంలో నీ నంబరు ఎవడికి తెలుసురా?”

“హోటల్లో ఇచ్చా కదా.”

“ఊఁ. సరే కానీ. వాళ్ళు ఎన్ని ఫొటోలు తీసుకున్నా నేను లేకుండా ఆ మిషను కదలదు. దానికి తగ్గ ఏర్పాటు నేను చేసే వచ్చా.”

“ఏం ఏర్పాటు?”

“నీకెందుకు?”

“నాక్కూడా చెప్పవా?”

“ముందు నీ చేతులు చూపించు.”

“చేతులెందుకు?”

“చూపించమంటే చూపించు. గోళ్ళు. ఇదేంటి?”

“మట్టి.”

“నా చెవిలో పువ్వు పెట్టకు. మట్టి ఇలా మెరవదు. గ్రీజు ఇది. మ్యూజియంలో రాజుగారి మీసాలకి గ్రీజు రాశావా?”

“కారు తలుపుకి ఉందేమో...”

“నీళ్ళు నమలకు. పొద్దున్నే టీ తాగొస్తానని పోతావ్. హోటల్లో టీ లేదా? నేను స్నానం చేసి, చొక్కా ఉతుక్కుని, అది ఆరేదాకా కూర్చున్నా నీ టీ అవ్వదు. మళ్ళీ మోగుతోంది, చూడు.”

“అదే నంబరు. కట్ చేశా.”

“ఎవరు?”

“చెప్పా కదా, ప్రకటనలని.”

“ఇటు చూసి చెప్పు. నువ్వు కూడా వాళ్ళతో కలిశావా? ఉద్యోగమిస్తానన్నాడా బట్టతలాయన?”

“ఛీ ఛీ! అమ్మతోడు, అలాంటిదేం లేదు.”

“మధ్యలో మా చెల్లెల్ని లాగకు. నిజం చెప్పు.”

“పెట్టె దొరికింది మామయ్యా.”

“ఏ పెట్టె?”

“మన సామాన్ల పెట్టె. మర్నాడే వచ్చేసింది.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మన కంపెనీ పెద్దాయన ఫోన్ చేశారు. ‘మీ మామయ్య చేతులు వణుకుతున్నాయి, కత్తి దగ్గర నాకు భయంగా ఉంది. ఆ పని నువ్వు కానిచ్చెయ్. ఆయన్ని నాలుగు చోట్లు తిప్పి తీసుకురా, సంతోషపడతాడు. ఆయనకిదే ఆఖరి పని. రాగానే దండ వేసి ఇంటికి పంపిద్దాం’ అన్నారు.”

“దండా?”

“శాలువా కూడా.”

“అంటే నన్నిలా తిప్పుతున్నది బట్టతలాయన కాదన్నమాట. నువ్వు.”

“కారూ, టికెట్లూ ఆయనవే. అడిగింది మాత్రం నేను.”

“నా పక్కనే మెట్లు దిగుతూ, నా చెయ్యి పట్టుకుని... ఒక్కసారి కూడా నోరు పెగల్లేదట్రా నీకు?”

“ఎలా చెప్పమంటావ్? ఆ మంచం మీద గురకపెట్టి పడుకుంటే చిన్నపిల్లాడిలా కనిపించావ్. ఇన్నేళ్ళలో నువ్వలా పడుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు. పోనీలే, నాలుగు రోజులు సుఖపడనీ అనుకున్నా. తప్పేనంటావా?”

“తప్పే. నా పని నా చేత్తో ముగించాలనుకున్నాన్రా. ఏడుపొస్తోంది నాకు. అటు తిరుగు కాసేపు.”

“మామయ్యా... నీ పేరుకేం లోటు రానివ్వలేదు. మిషను బాగైపోయింది. పొద్దున నడిపించే వచ్చా. అందరికీ మా మామయ్య చేశాడనే సైగ చేశా. కత్తి దగ్గర నిలబడే ఆ పొట్టాయన లేడూ...”

“వాన పడుతుంటే నాకు గొడుగిచ్చినాయన.”

“ఆయనే. నువ్వేడని అడిగాడు. మొదటి రోజు నువ్వు నడుస్తున్న మిషనులో చెయ్యి పెట్టావు చూడు, కత్తి టక్కున ఆగిపోయింది చూడు, అదంతా నటించి చూపించాడు. ఒకటే నవ్వులు.”

“ఆయనకి భయం ఎక్కువరా. భయపడేవాడి చెయ్యే తడబడుతుంది. అందుకే నేనే పెట్టి చూపించా. మిషనుకు కన్నుంది, చెయ్యి అడ్డమొస్తే అది చూస్తుంది, కత్తి ఆగిపోతుంది, కాగితం వంకర పోతే హాయిగా చెయ్యి పెట్టి సర్దుకో అని. ఆయన చేత కూడా పెట్టించా. చప్పట్లు కొట్టాడు.”

“ఇప్పుడసలు భయమే లేదు ఆయనకి.”

“మరి జబ్బేంటట దానికి?”

“క్లచ్ అరిగింది. మార్చేశా. నేనక్కడున్నంతసేపూ ఒక్కసారి కూడా ఆగలేదు.”

“ఒక్కసారి కూడానా?”

“ఒక్కసారి కూడా.”

“చెయ్యి పెట్టి చూశావా?”

“అదీ...”

“నిన్నేరా అడిగేది. చెయ్యి పెడితే ఆగిందా?”

“కన్ను లేదు మామయ్యా.”

“లేదంటే?”

“విప్పి చూస్తే ఆ చోటు ఖాళీ. ఊరికే ఆగిపోతోందని విసుగొచ్చి వాళ్ళే పీకి పారేశారనుకున్నా. అడిగితే గొడవవుతుంది, ఆలస్యమవుతుంది, నీకు తెలిసిపోతుంది. ఆ కన్నుకొచ్చే రెండు వైర్లూ కలిపేసి నడిపించేశా. మనూరెళ్ళాక కొత్త కన్ను పంపిద్దాంలే అని...”

“వాళ్ళకి చెప్పావా? కన్ను లేదని, చెయ్యి పెట్టొద్దని చెప్పావా?”

“గుమాస్తాకి ఒక్కడికే కాస్త ఇంగ్లీషొచ్చు. వాడింకా రాలేదు. సాయంత్రం చెబుదాంలే అని, నువ్వు హోటల్లో ఎదురుచూస్తుంటావని పరిగెత్తుకొచ్చేశా. ఏంటలా చూస్తావ్? కూర్చో మామయ్యా, పడవ ఊగుతోంది.”

“నా కోటు జేబులో చెయ్యి పెట్టు.”

“ఇప్పుడు కోటెందుకు?”

“నా చెయ్యి నిలవట్లేదు, నువ్వే పెట్టు. లోపలి జేబు.”

“ఏదో రుమాల్లో చుట్టి ఉంది... మామయ్యా! కన్ను! ఇది నీ దగ్గరెందుకుంది?”

“ఆ ఫొటోలు చూసి ఒళ్ళు మండి నేనే విప్పుకొచ్చేశాన్రా. అది లేకపోతే మిషను కదలదు, నేను లేకుండా ఎవడూ మొదలుపెట్టలేడు అనుకున్నా. వైర్లు కలపడం నీకు నేర్పింది నేనేనన్న సంగతే మర్చిపోయా.”

“మామయ్యా...”

“ఏడవడం తర్వాత. ముందు ప్రెస్సుకి ఫోన్ చెయ్యి. మిషను ఆపమను. భాష రాకపోతే అరిచి చెప్పు. నంబరుందా?”

“ఉంది మామయ్యా. ఇందాక నేను రెండుసార్లు కట్ చేసింది వాళ్ళ ఫోనే.”